దూరపు కొండలు నునుపేనా?

“దూరపు కొండలు నునుపు” అంటారు పెద్దలు. దూరం నుంచి చూస్తే ఏ కొండయినా నున్నగానే ఉంటుంది. దగ్గరికి పోతే అసలు సంగతి తెలుస్తుంది. రాళ్ళుంటాయి. ముళ్ళుంటాయి. లోయలుంటాయి.

మరి మంచుకొండ సంగతి ఏమిటి? అక్కడ ముళ్ళు కనపడవు. అంతా తెల్లగా, వెన్న పూసినట్టు ఉంటుంది. కాని ఆ మంచు కిందే లోతైన పగుళ్ళు ఉంటాయి. ఊపిరి పీల్చుకుందామంటే గాలి కూడా చాలదు.

అయినా మనుషులు ఎక్కుతున్నారు. ఆడవాళ్ళూ ఎక్కుతున్నారు. అంతకు ముందు ఏ కొండా ఎక్కనివాళ్ళు కూడా ఎక్కుతున్నారు. ఇదెలా సాధ్యం? తెలుసుకుందాం.

మంచు నడుమ దీవి

మన దేశానికి ఉత్తరాన హిమాలయాలు ఉన్నాయి. హిమం అంటే మంచు. ఆలయం అంటే ఇల్లు. మంచుకు ఇల్లు కాబట్టి హిమాలయం.

హిమాలయాల్లో నేపాల్ అనే దేశం ఉంది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఎవరెస్టు శిఖరం నేపాల్, టిబెట్ సరిహద్దులో ఉంది. దాని ఎత్తు 8,849 మీటర్లు. ఎవరెస్టు పక్కనే లోత్సే అనే శిఖరం. దాని ఎత్తు 8,516 మీటర్లు. ఈ లోత్సేకు దగ్గరలో ఇంకో చిన్న శిఖరం ఉంది. దాని పేరు ఇమ్జా త్సే. చిన్నది అన్నామే గాని దాని ఎత్తు 6,189 మీటర్లు! మన తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. అంటే తిరుమల మీద తిరుమల, ఆరు తిరుమలలు పేర్చినా ఇమ్జా త్సే అంత ఎత్తు రాదు.

ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ జట్టు ఒకటి అటు వెళ్ళింది. చుట్టూ మంచు సముద్రంలా ఉంది. నడుమ ఈ కొండ దీవిలా నిలబడి ఉంది. అందుకని వాళ్ళు దీనికి ఐలండ్ పీక్ అని పేరు పెట్టారు. ఐలండ్ అంటే దీవి. పీక్ అంటే శిఖరం. 1983లో దీనికి ఇమ్జా త్సే అని పేరు మార్చారు. కాని చాలామంది ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు.

1953లో ఎవరెస్టు ఎక్కబోయే జట్టులోని కొందరు ముందు ఈ కొండమీద సాధన చేశారు. వాళ్ళలో టెన్సింగ్ నార్గే ఒకడు. ఆ ఏడే మే 29న టెన్సింగ్, హిల్లరీ కలిసి ఎవరెస్టు ఎక్కారు. ఎవరెస్టు ఎక్కిన మొదటి మనుషులు వాళ్ళిద్దరే. చూశారా! అంతటివాళ్ళు కూడా ముందు చిన్న కొండమీదే సాధన చేశారు.

ఈనాడు మొదటిసారి మంచుకొండ ఎక్కేవాళ్ళు చాలామంది ఐలండ్ పీక్‌నే ఎంచుకుంటారు. ఇందులో ఎక్కువ భాగం కాలినడకే. తాళ్ళు పట్టుకుని ఎక్కే భాగం తక్కువ. అలాగని ఇది పిల్లలాట కాదు. ఇక్కడ కూడా ప్రాణాలు పోయాయి.

కాలినడక

నేపాల్ రాజధాని కాఠ్మండు. ఎక్కువమంది చిన్న విమానంలో లుక్లా అనే ఊరు చేరతారు. ఆ ఊరే 2,800 మీటర్ల పైన ఉంది. అక్కడినుంచి పైకి కార్లు, బస్సులు లేవు. మనిషయినా, సామానయినా నడిచే పోవాలి. మంచి కాలం రెండుసార్లు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంకోసారి.

రెండో రోజుకో, మూడో రోజుకో నామ్చే బజారు వస్తుంది. ఎత్తు 3,440 మీటర్లు. వారానికోసారి అక్కడ సంత జరుగుతుంది. తర్వాత తెంగ్‌బోచే. అక్కడ బౌద్ధుల మఠం ఉంది. ఆ తర్వాత దింగ్‌బోచే. ఎత్తు 4,410 మీటర్లు. అంత ఎత్తున కూడా పొలాలున్నాయి! చుట్టూ రాతి గోడలు కట్టి, నడుమ బార్లీ, బంగాళాదుంప పండిస్తారు. ఆ పైన ఛుకుంగ్. అక్కడితో ఊళ్ళు ఆఖరు. ఇక పైన రాళ్ళూ, మంచూ. అంతే.

నిదానమే ప్రధానం

లుక్లా నుంచి కొండ మొదలుకు దూరం పెద్దగా లేదు. గట్టిగా నడిస్తే నాలుగు రోజుల్లో పోవచ్చు. కాని ఎవరూ అలా పోరు. పదిరోజుల దాకా తీసుకుంటారు. ఎందుకని?

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. 5,500 మీటర్ల ఎత్తున గాలి సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో సగమే. అంటే ఇక్కడ ఒకసారి ఊపిరి తీస్తే అందే ప్రాణవాయువు, అక్కడ రెండుసార్లు తీస్తే గాని అందదు. గుండె గబగబా కొట్టుకుంటుంది. నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది.

మన ఒళ్ళు మాత్రం గొప్పది. దానికి కాస్త గడువు ఇస్తే సర్దుకుంటుంది. రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. ఊపిరి లోతవుతుంది. కాని ఆ గడువు ఇవ్వాలి.

అందుకు కొన్ని పద్ధతులున్నాయి. 3,000 మీటర్లు దాటాక ఒకరోజు పడుకున్న చోటికంటే మర్నాడు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఊళ్ళో ఇంకో రాత్రి ఆగాలి. పగలు కాస్త పైకి ఎక్కి రావచ్చు. రాత్రికి మాత్రం కిందికి దిగి పడుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. సారా, పొగ దగ్గరికి రానీయకూడదు.

ఇవి పాటించకపోతే కొండజబ్బు వస్తుంది. ముందు తలనొప్పి. తర్వాత వాంతులు. అన్నం సయించదు. నిద్ర పట్టదు. ఇవి కనపడితే ఇక పైకి పోకూడదు. తగ్గేదాకా ఆగాలి. తగ్గకపోతే దిగాలి.

జబ్బు ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కూర్చున్నా ఆయాసమే. లేదా మెదడు వాస్తుంది. తాగినవాడిలా అడుగులు తడబడతాయి. మాట తికమకవుతుంది. అప్పుడు ఉన్న ఉత్తమ వైద్యం ఒక్కటే. వెంటనే కిందికి దించాలి. అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనకూడదు.

ఈ జబ్బు బలహీనులకే వస్తుందనుకుంటే పొరపాటు. కండలు తిరిగిన కుర్రవాడికి రావచ్చు. నడివయసు అమ్మకు రాకపోవచ్చు. అసలు కుర్రవాళ్ళే తొందరపడి ఎక్కువ దెబ్బతింటారు. తలనొప్పి వస్తే దాచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అన్నం ఎందుకు ఉడకదు?

వంట చేసేవాళ్ళకు ఒక వింత. ఆ ఎత్తున నీళ్ళు త్వరగా మరుగుతాయి. కాని అన్నం ఉడకదు!

సముద్రం ఒడ్డున నీళ్ళు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. 5,000 మీటర్ల ఎత్తున దాదాపు 83 డిగ్రీలకే మరుగుతాయి. ఆ నీళ్ళను ఎంత మంటపెట్టి మరిగించినా వేడి అంతకు మించదు. పప్పు ఉడకడానికి ఆ వేడి చాలదు. మరి ఏం చేస్తారు? ప్రెషర్ కుక్కర్ వాడతారు. కుక్కర్లో ఆవిరి బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది. వేడి పెరుగుతుంది. పప్పు మెత్తబడుతుంది. నేపాల్ వాళ్ళ రోజువారీ తిండి కూడా పప్పూ అన్నమే. దాన్ని దాల్ భాత్ అంటారు.

మంచు చెప్పులు, మంచు గొడ్డలి

మంచుమీద మామూలు చెప్పులు నిలవవు. మందపాటి బూట్లు వేసుకుంటారు. వాటి కింద ఇనుప ముళ్ళ పట్టీ కట్టుకుంటారు. దాన్ని క్రాంపాన్ అంటారు. ఆ ముళ్ళు మంచులో దిగుతాయి. కాలు జారదు. చేతిలో చిన్న మంచు గొడ్డలి. జారితే దాన్ని మంచులో గుచ్చి ఆగాలి. నడుముకు, తొడలకు బిగించే పట్టీని హార్నెస్ అంటారు. తాడును దానికే తగిలిస్తారు. జూమర్ అని ఇంకో పరికరం. అది తాడుమీద పైకి జరుగుతుంది, కిందికి జారదు. తలకు గట్టి టోపీ, నుదుటిమీద లైటు, కళ్ళకు నల్లద్దాలు. నల్లద్దాలు సోకు కోసం కాదు. మంచుమీద పడిన ఎండ కళ్ళలోకి కొడుతుంది. అద్దాలు లేకపోతే కళ్ళు మండి, కొన్నాళ్ళు చూపే ఆనదు.

ఇవి ఎలా వాడాలో ముందే నేర్చుకోవాలి. కొండ కిందనే తాడు కట్టి సాధన చేయిస్తారు. చేతులకు తొడుగులు వేసుకుని ముడి వెయ్యడం, విప్పడం పదే పదే చేయిస్తారు. చలిలో, చీకట్లో తొడుగు తీస్తే వేళ్ళు కొయ్యబారిపోతాయి మరి.

ఆఖరి రాత్రి

5,000 మీటర్లు దాటాక కొండ మొదట్లో గుడారాలు వేస్తారు. అర్ధరాత్రి లేస్తారు. ఒంటిగంటకో, రెండుగంటలకో బయలుదేరతారు. అంత రాత్రివేళ ఎందుకు? ఎండ ఎక్కితే మంచు మెత్తబడుతుంది. కాలు దిగబడుతుంది. రాళ్ళు జారతాయి. మధ్యాహ్నానికి గాలీ, మబ్బూ వస్తాయి. అందుకని పొద్దున్నే ఎక్కి దిగిపోవాలి. చలి సున్నాకు 15 డిగ్రీలు కిందికి పోవచ్చు. అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు.

ముందు మూడు నాలుగు గంటలు రాళ్ళమీద ఎక్కుడు. తెల్లవారేసరికి మంచు మొదలవుతుంది. అక్కడ క్రాంపాన్లు కట్టుకుంటారు. అందర్నీ ఒకే తాడుకు కడతారు. మంచులో పగుళ్ళున్నాయి. ఒకరు పడితే మిగిలినవాళ్ళు ఆపాలి. పెద్ద పగులు వస్తే నిచ్చెన వేసి దాటుతారు.

ఆ తర్వాత నిటారు మంచుగోడ. వంద మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పైనుంచి తాడు వేలాడుతుంటుంది. జూమర్ పైకి జరపాలి. ఒక అడుగు వెయ్యాలి. ఆగాలి. ఊపిరి తియ్యాలి. మళ్ళీ ఒక అడుగు. గోడ ఎక్కితే పొలం గట్టులాంటి సన్నని మంచు గట్టు. అటూ ఇటూ లోయ. గట్టు చివర శిఖరం.

శిఖరం మీదినుంచి ఎవరెస్టు కనిపిస్తుందా? కనిపించదు. లోత్సే గోడలా అడ్డం నిలబడి ఉంటుంది. కింద ఇమ్జా చెరువు కనిపిస్తుంది. మంచు కరిగి ఏర్పడిన చెరువు అది. కట్ట తెగితే కింది ఊళ్ళు కొట్టుకుపోతాయని భయపడ్డారు. 2016లో కాలవ తవ్వి నీటిమట్టం మూడు మీటర్లకు పైగా తగ్గించారు.

వెనక్కి తిరగడం

శిఖరం చేరితే పని అయిపోయినట్టా? కాదు. సగమే అయినట్టు. ఇంకా దిగాలి. ఒంట్లో సత్తువ అయిపోయి ఉంటుంది. మంచు మెత్తబడుతూ ఉంటుంది. దిగేటప్పుడే చాలా ప్రమాదాలు జరుగుతాయి.

అందుకని ముందే ఒక గడువు పెట్టుకుంటారు. ఆ వేళకు శిఖరం అందకపోతే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. శిఖరం ఎదురుగా కనపడుతూ ఉంటుంది. ఎంతో డబ్బు ఖర్చయింది. ఎంతో దూరం వచ్చారు. ఊరికి పోతే నలుగురూ ఏమంటారో అనిపిస్తుంది. పరువు కోసం గడువు దాటి ఎక్కినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు.

తిరిగి వచ్చినవాళ్ళు ఓడిపోయినట్టు కాదు. కొండ ఎక్కడికీ పోదు. మనిషి ఉంటే మళ్ళీ రావచ్చు. ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్ళకు కావలసింది శిఖరం కాదు, మనిషి.

బరువు మోసేవాళ్ళు

కొండ ఎక్కినవాళ్ళ ఫొటోలు పేపర్లో వస్తాయి. వాళ్ళ గుడారం, గిన్నెలు, బియ్యం ఎవరు మోశారు? అక్కడివాళ్ళే. షెర్పాలు, రాయీలు, తమాంగులు, ఇంకా ఎందరో. మన ఆడవాళ్ళు బిందె నెత్తిన పెట్టుకుంటారు. అక్కడ బుట్టను వీపున వేసుకుంటారు. బుట్టకు కట్టిన పట్టీ నుదుటిమీద ఆనుతుంది. మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ మోస్తారు. మంచులో తాళ్ళు కట్టేదీ, ముందు నడిచేదీ కూడా ఎక్కువగా షెర్పాలే.

అలా బరువులు మోసిన ఒక ఆడపిల్ల లక్పా షెర్పా. చిన్నప్పుడు ఆమెను బడికి పంపలేదు. 2000లో ఆమె ఎవరెస్టు ఎక్కి, క్షేమంగా దిగివచ్చింది. 2022 నాటికి పదిసార్లు ఎక్కింది. అన్నిసార్లు ఎక్కిన ఆడమనిషి ప్రపంచంలో అంతకు ముందు లేదు.

మన దేశంనుంచి ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ బచేంద్రీ పాల్. 1984 మే 23న ఎక్కింది. ఆమెది ఉత్తరకాశీ దగ్గర పల్లెటూరు.

మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలు కూలి పని చేసుకునేవాళ్ళు. పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. మొదట భువనగిరి బండమీద ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో మంచుమీద నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు.

ముగ్గురూ ఒక్కరోజులో ఎవరెస్టు ఎక్కలేదు. ముందు చిన్న కొండ. తర్వాత పెద్ద కొండ. ఒక అడుగు, ఒక ఊపిరి, మళ్ళీ ఒక అడుగు. అఆలు దిద్ది, గుణింతం నేర్చి, ఇప్పుడు ఈ పేజీ చివరికి వచ్చినవాళ్ళకు ఆ నడక కొత్తేమీ కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పైకి పోయేకొద్దీ ఒకేచోట రెండు రాత్రులు ఎందుకు ఆగాలి?
2. కొండమీద కుక్కర్ లేకుండా పప్పు ఎందుకు ఉడకదు?
3. శిఖరం దగ్గరదాకా పోయి వెనక్కి తిరిగితే అది ఓటమేనా? మీరేమంటారు?
4. పరువు కోసం ఒంట్లో బాగాలేదని దాచిపెట్టడం మన ఇళ్ళల్లో కూడా ఉందా?