పాత కంప్యూటరు: మరమ్మతా, మార్పా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. రౌస్ హిల్‌లోనైనా, హైదరాబాదులోనైనా పాత డెస్క్‌టాప్ గల కుటుంబానికి ఇది నిర్ణయ సమయం.

మందకొడితనమే బాధయితే క్రొత్త యంత్రం అనవసరం. తిరిగే హార్డ్ డిస్కు సమాచారాన్ని వెదకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పట్టును. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి.కి అందులో నూరవ వంతు చాలు. దానిని అమర్చి, మెమరీని 8 గిగాబైట్లకు పెంచిన చాలును.

అయితే విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆమోదిత ప్రాసెసరు అవసరం. 2017కు ముందరి ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ అనర్హములే. ప్రాసెసరుతోపాటు మదర్‌బోర్డు, మెమరీ కూడ మార్చవలసివస్తే క్రొత్తది కొనుటయే మేలు. లేదా ఉచితమైన లినక్స్‌ను ఆశ్రయించవచ్చును.

పారవేసే ముందు కుటుంబ ఛాయాచిత్రాలను వేరొకచోట భద్రపరచి, డిస్కును పూర్తిగా చెరిపివేయాలి. రాగి, బంగారం గల ఆ పెట్టె చెత్తబుట్ట పాలు కారాదు. ఆస్ట్రేలియాలో 2011లో ఆరంభమైన జాతీయ పథకం క్రింద పాత కంప్యూటర్లను ఉచితంగా అప్పగించవచ్చును.