నీటి బల్ల మీద లోహమును కోయునపుడు నీటిమట్టము



మన యూళ్ల పిల్లలు పెక్కురు నేడు పట్టణములకు పోయి, ప్లాస్మాయంత్రముతో ఇనుప పలకలు కోయు కార్ఖానాలలో పనిచేయుచున్నారు. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మనుమని ఆ పొగను గూర్చి యడిగితిని. “తాతయ్యా, మా బల్ల నిండ నీళ్లున్నవి, భయమేమి?” అనెను. ఆ మాట సగమే నిజము. తక్కిన సగమును మీకు నివేదించెదను.

ప్లాస్మా యనగా మిక్కిలి వేడెక్కి, విద్యుత్తును ప్రసరింపజేయగల స్థితికి వచ్చిన వాయువు. సన్నని రంధ్రము గుండ దానిని వెడలించినచో ఆ జ్వాల వేడిమి 20,000 సెంటిగ్రేడు డిగ్రీల వరకు పోవును. ఇనుము కరగుటకు 1,538 డిగ్రీలు చాలును. కరగిన లోహము నిప్పురవ్వలుగను, పొగగను, సన్నని ధూళిగను క్రిందికి చిమ్ముచుండును. దానిని పట్టుటకే పలక నానుకొను బద్దల క్రింద నీటితొట్టి యమర్తురు.

ఆ నీరు ఎంత ఎత్తున నుండవలెను? మూడు పద్ధతులు కలవు. పలక అడుగునకు 25 మొదలు 50 మిల్లీమీటర్ల దిగువను నీరున్నచో, తుంపరలు తక్కువ, కోత శుభ్రము, కాని కొంత పొగ తప్పించుకొనును. నీరు పలక అడుగును తాకుచున్నచో పొగ చక్కగా నణగును. కాని తుంపరలు పైకెగసి టార్చి మీద పడును, పలక తుప్పు పట్టును. పలకను 50 మొదలు 75 మిల్లీమీటర్ల లోతున ముంచి కోసినచో పొగ, వెలుగు, చప్పుడు మూడును తగ్గును. కాని వేగము తగ్గును. ఈ మూడవ పద్ధతి అందుకై నిర్మించిన యంత్రములకే తగును. సామాన్యముగా మొదటి మట్టముతో నారంభించి, పొగ హెచ్చినచో నీటిని కొంచెము పెంచుట మంచిది.

కొలుచుట సులభము. బద్దల పైయంచు నుండి నీటి వరకు తొట్టి నాలుగు మూలల కొలువవలెను. నీరు తనంత తాను సమమగును గనుక, కొలతలు వేరువేరుగ నున్నచో వంకర బల్లదో, అరిగిన బద్దలదో కాని నీటిది కాదు. నీరు ఆవిరియై తగ్గుచుండును. కావున ప్రతిదినము పనికి ముందు చూడవలెను.

ఇక ప్రాణాపాయమగు సంగతి. అల్యూమినియమును కోసినపుడు కరగిన రేణువులు నీటిలోని ఆమ్లజనిని గ్రహించి ఉదజని వాయువును విడుచును. అది పలక క్రింద పోగై యుండగా రవ్వ తగిలినచో ప్రేలును. పని ఆపిన పిదపను అడుగున పేరుకొన్న చిట్టెము ఆ వాయువును విడుచుచునే యుండును. నీటిని దింపినంతమాత్రమున ఈ యపాయము తీరదు. నీటిలో గాలిబుడగలు పంపి వాయువును చెదరగొట్టు ఏర్పాటు, యంత్రనిర్మాతల యనుమతి, రెండును లేనిచో నీటి బల్ల మీద అల్యూమినియమును కోయరాదు. రాత్రి బల్ల మీద పలకను విడిచిపోరాదు.

స్టెయిన్‌లెస్ ఉక్కు కోసిన తొట్టినీటిలో క్రోమియము చేరును. దానిని కాలువలలోను పొలములలోను పోయరాదు.

మీ పిల్లలు పండుగకు వచ్చినపుడు జీతముతో పాటు మూడు సంగతు లడుగుడు: నీరెంత దిగువను? తొట్టి నెప్పుడు కడిగిరి? అల్యూమినియము కోయుదురా? తెలియదన్నచో, తెలిసికొని రమ్మనుడు.