కంప్యూటర్ల మధ్య ఫైళ్ల పంపకము: గోడ పడగొట్టక తలుపు తెరచుట ఎట్లు?

ఒకే ఇంట రెండు మూడు కంప్యూటర్లు ఉండుట నేడు గ్రామములలో వింత కాదు. వసారాలోని బల్లపై ఒకటి పొలము లెక్కలకు, అంగడి పద్దులకు ఉపయోగపడుచుండగా, చదువుకొను పిల్లల చేతిలో మరియొకటి ఉండును. పంచాయతీ కార్యాలయములోను ఇదే తీరు. భారత్‌నెట్ పథకము క్రింద ఫైబరు తంతి అనేక గ్రామ పంచాయతీలకు చేరినది. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ ద్వారా పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు కంప్యూటరులోనే నడచుచున్నవి. ఐనను ఒక యంత్రములోని పత్రము ప్రక్క గదిలోని యంత్రమునకు చేరవలెనన్నచో, పెన్‌డ్రైవు జేబులో వేసికొని తిరుగువారే ఎక్కువ. ఇంటిపన్ను జాబితా మూడు పెన్‌డ్రైవులలో మూడు విధములుగా ఉండి, ఏది సరియైనదో తేలక సభ్యులు తర్కించుకొనుట ఈ పద్ధతివలన కలుగు చిక్కులలో ఒకటి. రోగకారక ప్రోగ్రాములు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఆ పెన్‌డ్రైవుపైననే ప్రయాణము చేయుట రెండవ చిక్కు.

ఇంతకంటె మేలైన మార్గము కలదు. ఇంటిలోని కంప్యూటర్లన్నియు ఒకే రౌటరునకు కలుపబడి యున్నప్పుడు, ఒక యంత్రములోని ఒక ఫోల్డరును తక్కినవాటికి పంచి యుంచవచ్చును. జాబితా ఒక్కచోటనే ఉండును. అందరును దానినే చూతురు. దీనినే ఫైల్ షేరింగ్ అందురు. విండోస్‌లో ఈ సౌకర్యము ముందుగనే అమర్చబడి యున్నది. వేరుగా కొనవలసిన పని లేదు.

చిక్కెల్లయు తొలిసారి అమర్చునప్పుడే వచ్చును. ఒక యంత్రమునకు రెండవది కనబడదు. కనబడినను తలుపు తీయదు. అప్పుడు పట్టణమునుండి వచ్చిన మెకానిక్ చేయు పని సాధారణముగా ఒక్కటే: ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయును. ఫైలు వెంటనే వచ్చును, అందరును సంతోషింతురు, అతడు డబ్బు తీసికొని వెళ్లిపోవును. ఆపిన ఫైర్‌వాల్ ఆపినట్లే నెలల తరబడి ఉండిపోవును. ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో సభ్యులు గ్రహింపవలసి యున్నది.

ఫైర్‌వాల్ అనగా అగ్నిని ఆపు గోడ. ఎండకాలములో వరుసగా ఉన్న పూరిండ్లలో ఒకదానికి నిప్పంటుకొన్నచో వీధి వీధియు ఎట్లు దగ్ధమగునో మన గ్రామస్థులకు చెప్పనక్కరలేదు. నడుమ ఒక మట్టిగోడ ఎత్తుగా ఉన్నచోట మంట ఆగిపోవును. కంప్యూటరులోని ఫైర్‌వాల్ కూడ అట్టిదే. కాని ఈ గోడకు తలుపులు కలవు. వాటిని పోర్టులు అందురు. ఒక్కొక్క విధమైన రాకపోకలకు 65,535 వరకు సంఖ్యలు వేయబడి యున్నవి. విండోస్ ఫైళ్ల పంపకమునకు ముఖ్యమైన తలుపు 445వ సంఖ్య గలది. పాత యంత్రములు 137, 138, 139 సంఖ్యలను కూడ వాడుచుండెడివి. మనకు కావలసినది 445వ తలుపును ఇంటివారికి మాత్రము తెరచుట. మెకానిక్ చేసినది గోడనే పడగొట్టుట.

ఆ 445వ తలుపు దారినే 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అను ప్రోగ్రాము లోకమునంతటిని చుట్టివచ్చినది. అది యంత్రములోని ఫైళ్లన్నింటిని తాళమువేసి, తాళపుచెవి కావలెనన్నచో 300 డాలర్లు చెల్లింపుమని తెరపై వ్రాసినది. నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని వాత పడినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దీనికి గురియైనవి. ఎవరును పొరపాటున దేనినో నొక్కనక్కరలేదు, ఎస్.ఎం.బి. అను పంపకపు పద్ధతి యొక్క మొదటి కూర్పులోని లోపమును పట్టుకొని, ఒక యంత్రమునుండి ప్రక్క యంత్రమునకు అది తానే ప్రాకినది. ఆ లోపమునకు మైక్రోసాఫ్టు సంస్థ అదే సంవత్సరము మార్చి 14వ తేదీననే సవరణ విడుదల చేసి యున్నది. రెండు నెలలు కాలమున్నను ఆ సవరణను వేసికొననివారే నష్టపోయిరి.

బయటినుండి వచ్చువారిని ఇంటి రౌటరు చాలవరకు ఆపును గదా, ఇక లోపలి గోడ ఎందులకని కొందరడుగుదురు. రౌటరు ఇంటిలోనే యుండును. ల్యాప్‌టాప్ ఇంటిలో ఉండదు. అది కళాశాల వసతిగృహమునకు, రైల్వేస్టేషనుకు పోవును. అచ్చటి వై-ఫైకి తగులుకొనును. గోడ లేని యంత్రము అచ్చట తెచ్చుకొన్న రోగమును ఇంటికి తీసికొనివచ్చి, వసారాలోని పద్దుల కంప్యూటరునకు అంటించును.

ఇక దోషమును వెదకు క్రమము. మొట్టమొదట చూడవలసినది ఫైర్‌వాల్ కానే కాదు. రెండు యంత్రములును ఒకే రౌటరుపై ఉన్నవా యని చూడవలెను. ఒకటి రౌటరుతోను, మరియొకటి సెల్‌ఫోను హాట్‌స్పాట్‌తోను కలిసియున్నచో అవి వేర్వేరు ఊళ్లలో ఉన్నట్లే లెక్క. రౌటరులో అతిథుల కొరకు వేరుగా ఇచ్చు గెస్ట్ వై-ఫైకి కలిపిన యంత్రములు కూడ సామాన్యముగా ఇతరులకు కనబడవు; అది దాని ధర్మము. నల్లని కమాండ్ కిటికీలో ఐపీకాన్‌ఫిగ్ అను ఆజ్ఞ వ్రాసినచో ప్రతి యంత్రము తన చిరునామా చెప్పును. ఒకటి 192.168.1.5 అనియు, రెండవది 192.168.1.8 అనియు చెప్పినచో అవి ఇరుగుపొరుగులే. 169.254తో మొదలగు చిరునామా కనబడినచో ఆ యంత్రమునకు రౌటరు చిరునామాయే ఇయ్యలేదని అర్థము. తంతినో, రౌటరునో చూచుకొనవలెను. ఫైళ్లున్న యంత్రము నిద్రావస్థలో నున్నదేమో కూడ చూడుడు. నిద్రించుచున్న యంత్రము పిలిచినను పలుకదు. ఇంత చిన్న కారణముననే సగము పూట వ్యర్థమగుట కలదు.

పిదప చూడవలసినది నెట్‌వర్క్ తరగతి. విండోస్ క్రొత్తగా కలిసిన ప్రతి నెట్‌వర్కును పబ్లిక్ అని, అనగా బజారు అని భావించును. బజారులో అది తలుపులన్నియు మూసికొని, తన ఉనికినే దాచుకొనును. ఇంటి నెట్‌వర్కును ప్రైవేట్ అని మార్చినగాని పంపకము సాగదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ అను భాగమున, వాడుచున్న కనెక్షను యొక్క ప్రాపర్టీస్‌లో ఈ మార్పు చేయవచ్చును. రెండు యంత్రములలోను చేయవలెను. తరువాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ తరగతి క్రింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అను రెండింటిని తెరువవలెను. అప్పుడు ఫైర్‌వాల్ తానే తగిన తలుపులను ఇంటివారికి మాత్రము తీయును. పబ్లిక్ తరగతి క్రింద ఈ రెండును మూసియే ఉండవలెను. నా అభిప్రాయములో నూటికి ఎక్కువపాళ్లు ఫిర్యాదులు ఈ ఒక్క సవరణతోనే తీరును.

పేరు కనబడనిచో చిరునామాతో పిలిచి చూడవలెను. ఫైల్ ఎక్స్‌ప్లోరరు పైగడిలో రెండు వెనుకవాలు గీతలు గీసి, వాటి ప్రక్కనే ఆ యంత్రము చిరునామా వ్రాయుడు. ఫోల్డరు తెరచుకొన్నచో పంపకము సవ్యముగానే ఉన్నది, పేరు చాటించు సేవ మాత్రము ఆగియున్నదని తెలియును. అట్టి సందర్భమున ఫైర్‌వాల్ జోలికి పోవలసిన అవసరమే లేదు.

తలుపు తెరచుకొని, పేరు, సంకేతపదము అడిగి, ఇచ్చినను ఒప్పుకొననిచో అది గోడ తప్పు కాదు, కావలివాని ప్రశ్న. ఇక్కడ అనేకులు చిక్కుపడుదురు. యంత్రము ముందు కూర్చుండి నాలుగంకెల పిన్‌తో తెరచుట అలవాటైనవారు ఆ పిన్‌నే ఇత్తురు. పిన్ ఆ యంత్రమునకే చెల్లును. నెట్‌వర్కుపై ఖాతా యొక్క అసలు సంకేతపదమే కావలెను. సంకేతపదము లేని ఖాతాను విండోస్ నెట్‌వర్కుపై రానీయదు. కావున పంపకమునకై వేరొక ఖాతా తెరచి, దానికొక మంచి సంకేతపదము పెట్టుట మేలు. ఫోల్డరును పంచునప్పుడు కూడ అందరికి వ్రాయు అధికారము ఈయక, చదువుటకు మాత్రమే చాలువారికి చదువు అధికారమే ఈయవలెను. షేరింగ్‌లో ఒక హక్కు, సెక్యూరిటీలో మరియొక హక్కు ఉన్నచో, రెండింటిలో తక్కువదే చెల్లునని గుర్తుంచుకొనుడు.

కొన్ని యంత్రములలో విండోస్ ఫైర్‌వాల్ గాక, కొన్న యాంటీవైరస్ వారి ఫైర్‌వాల్ వేరుగా ఉండును. అప్పుడు విండోస్‌లో ఎన్ని మార్చినను ఫలము లేదు. ఆ రెండవ కావలివాని వద్దనే ఇంటి నెట్‌వర్కును నమ్మదగినదిగా చెప్పవలెను. దోషము ఫైర్‌వాల్‌దేనా యని నిశ్చయించుకొనుటకు దానిని ఒక్క నిమిషము ఆపి చూచుట తప్పుకాదు. ఐతే అంతకు ముందు రౌటరునకు వచ్చు బయటి తంతిని ఊడదీయవలెను. తంతి లేకున్నను ఇంటిలోని యంత్రములు ఒకదానితో ఒకటి మాటలాడగలవు. పరీక్ష ముగిసిన వెంటనే ఫైర్‌వాల్‌ను తిరిగి పెట్టి, పిదపనే తంతి తగిలింపవలెను. రౌటరులో 445వ పోర్టును బయటికి తెరచి, పట్టణమునుండి కూడ ఫైళ్లు చూచుకొనవచ్చునని ఎవరైనను చెప్పినచో ఒప్పుకొనరాదు.

పాత పరికరములను గూర్చి ఒక మాట. రౌటరునకు తగిలించిన పాత డిస్కులు కొన్ని ఎస్.ఎం.బి. మొదటి కూర్పును మాత్రమే ఎరుగును. 2017 చివరనుండి విండోస్ దానిని తనంతట అమర్చుట మానినది. ఆ పాత కూర్పును మరల తెచ్చి పెట్టుట కంటె పరికరమును మార్చుటయే యుక్తము. అట్లే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణముగా వచ్చు ఉచిత భద్రతా సవరణలు నిలిచిపోయినవి. పన్నుల లెక్కలు, జనన మరణముల వివరములు అట్టి యంత్రములో ఉన్నచో, దానికి పొడిగింపు సవరణలు వచ్చుచున్నవో లేదో కార్యదర్శిని అడిగి తెలిసికొనుట సభ్యుల పని. ముఖ్యమైన ఫైళ్ల నకలును ఒక విడి డిస్కుపై తీసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో ఉంచవలెను. తగిలించియే ఉంచిన డిస్కుకు కూడ తాళమువేయు ప్రోగ్రాములు తాళము వేయగలవు.

ఇన్ని చేసినను ఫలితము లేనప్పుడు నెట్‌వర్క్ రీసెట్ అను చివరి ఉపాయము కలదు. అది నెట్‌వర్కు అమరికలన్నింటిని తొలి స్థితికి తెచ్చి యంత్రమును తిరిగి నడపును. వై-ఫై సంకేతపదమును సైతము మరచిపోవును. కాబట్టి ముందుగనే దానిని ఒక కాగితముపై వ్రాసికొని పిదప మీట నొక్కుడు. రీసెట్ తరువాత నెట్‌వర్కు మరల బజారు తరగతిలోనికే పోవును గనుక, ప్రైవేట్ అని మార్చు పని తిరిగి మొదటినుండి చేయవలసి యుండును.