లైనక్స్ లైవ్ ఇమేజ్‌లకు గట్టి కుదింపు: డౌన్‌లోడ్‌లో ఆదా, వాడకంలో భారం

కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్క్‌ను తాకకుండానే, ఒక్క పెన్‌డ్రైవ్ సాయంతో పూర్తిస్థాయి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించే వీలును లైనక్స్ లైవ్ ఇమేజ్‌లు కల్పిస్తున్నాయి. విండోస్ మొరాయించిన కంప్యూటర్ నుంచి ఫైళ్లను కాపాడుకోవడానికి, కొత్త వ్యవస్థను ఇన్‌స్టాల్ చేసే ముందు పరీక్షించి చూడటానికి, పాఠశాలల ప్రయోగశాలల్లో పాత యంత్రాలను పనిలో పెట్టడానికి ఇవి ఉపయోగపడుతున్నాయి. అయితే ఏటేటా ఈ ఫైళ్ల పరిమాణం పెరుగుతోంది. ఒకప్పుడు 700 మెగాబైట్ల సీడీలో ఇమిడిన ఉబుంటు డెస్క్‌టాప్ ఇమేజ్, 2024లో విడుదలైన 24.04 నాటికి 5 గిగాబైట్లను దాటిపోయింది.

ఇమేజ్‌ను మరింత గట్టిగా కుదిస్తే సమస్య తీరిపోతుందని తొలి చూపులో అనిపిస్తుంది. కానీ కుదించిన ప్రతి ఫైల్‌ను వాడేటప్పుడు మళ్లీ విప్పాలి. కుదించే పని తయారీదారు ఒక్కసారి చేస్తే సరిపోతుంది. విప్పే పని మాత్రం వినియోగదారుడి కంప్యూటర్ ప్రతిసారీ చేయాలి. అందుకే ఏ కుదింపు పద్ధతిని ఎంచుకోవాలన్న ప్రశ్న లైనక్స్ పంపిణీల రూపకర్తల మధ్య రెండు దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది.

సీడీ హద్దుల్లో మొదలైన ప్రస్థానం

లైవ్ సీడీలకు విస్తృత ప్రాచుర్యం తెచ్చిన ఘనత జర్మనీకి చెందిన క్లాస్ నాపర్‌ది. ఆయన 2000లో విడుదల చేసిన నాపిక్స్, 700 మెగాబైట్ల సీడీలో దాదాపు 2 గిగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను ఇముడ్చుకోగలిగింది. సీడీ మీద సమాచారమంతా కుదించి ఉంటుంది. ఏ ప్రోగ్రామ్‌ను తెరిస్తే దానికి అవసరమైన భాగాన్ని మాత్రమే అప్పటికప్పుడు విప్పి మెమరీలోకి తెస్తారు. నేటికీ లైవ్ ఇమేజ్‌ల మూల సూత్రం ఇదే.

తర్వాతి కాలంలో ఈ పనికి స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ ప్రమాణంగా నిలిచింది. ఫిలిప్ లౌఘర్ 2002లో దీనిని తొలిసారి విడుదల చేయగా, 2009 మార్చిలో వచ్చిన 2.6.29 లైనక్స్ కెర్నెల్‌లో ఇది అధికారికంగా చేరింది. చదవడానికే తప్ప రాయడానికి వీలులేని ఈ వ్యవస్థ, ఒకే విధమైన ఫైళ్లు రెండుచోట్ల ఉంటే ఒక ప్రతినే భద్రపరుస్తుంది. చిన్న ఫైళ్లను ఒకచోట చేర్చి కుదిస్తుంది.

సీడీ హద్దు కేవలం సాంకేతిక సమస్య కాదు. ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో, ఏ భాష ఉండాలో కూడా అదే నిర్ణయించింది. ఆ రోజుల్లో ఉబుంటు సీడీలలో కొన్ని భాషల అనువాదాలకే చోటు దక్కేది. మిగిలిన భాషల వారు ఇన్‌స్టాల్ చేసుకున్న తర్వాత ఇంటర్నెట్ నుంచి భాషా ప్యాక్‌లను దించుకోవాల్సి వచ్చేది. ఇంటర్నెట్ సౌకర్యం అంతంతమాత్రంగా ఉన్న ప్రాంతాల్లో మాతృభాషలో కంప్యూటర్ వాడాలనుకున్న వారికి ఇది పెద్ద అడ్డంకి. కుదింపు ద్వారా ఆదా అయ్యే ప్రతి మెగాబైట్‌కూ అప్పట్లో అంత విలువ ఉండేది. 2012లో వచ్చిన 12.10తో ఉబుంటు డెస్క్‌టాప్ సీడీ హద్దును వదిలి, దాదాపు 800 మెగాబైట్లకు చేరింది.

కుదింపు ఎలా జరుగుతుంది?

నష్టం లేని కుదింపులో ఒక్క బైట్ కూడా పోదు. విప్పినప్పుడు అసలు ఫైల్ యథాతథంగా తిరిగి రావాలి. ఇందుకు ప్రధానంగా రెండు సూత్రాలు ఆధారం. అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ 1977లో ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం, ఇంతకుముందు వచ్చిన సమాచారమే మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా ‘ఇన్ని బైట్లు వెనక్కి వెళ్లి ఇంత పొడవు తీసుకో’ అని మాత్రమే రాస్తారు. డేవిడ్ హఫ్‌మన్ 1952లో వివరించిన పద్ధతి ప్రకారం, తరచుగా వచ్చే విలువలకు పొట్టి సంకేతాలను, అరుదుగా వచ్చే వాటికి పొడవైన సంకేతాలను ఇస్తారు.

తెలుగు పాఠ్యమే ఇందుకు చక్కని ఉదాహరణ. యూటీఎఫ్-8 విధానంలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు పడతాయి. అందులో మొదటి బైట్ అన్నింటికీ ఒకటే. రెండో బైట్‌కు రెండే రెండు విలువలు సాధ్యం. తేడా అంతా ప్రధానంగా మూడో బైట్‌లోనే ఉంటుంది. అందువల్ల తెలుగు అనువాద ఫైళ్లు చూడటానికి పెద్దవైనా బాగా కుదించుకుపోతాయి. జేపెగ్ చిత్రాలు, వీడియోలు ఇప్పటికే కుదించి ఉంటాయి కాబట్టి వాటిని మరోసారి కుదించినా చెప్పుకోదగ్గ ఫలితం ఉండదు. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైల్‌ను జిప్ చేసినా పరిమాణం పెద్దగా తగ్గకపోవడానికి కారణం ఇదే.

2011లో మలుపు

స్క్వాష్‌ఎఫ్‌ఎస్ తొలినాళ్లలో జీజిప్ పద్ధతిపైనే ఆధారపడింది. ఇది వెనక్కి చూసే పరిధి 32 కిలోబైట్లు మాత్రమే. ఇగోర్ పావ్లోవ్ తన 7-జిప్ సాఫ్ట్‌వేర్ కోసం రూపొందించిన ఎల్‌జడ్‌ఎంఏ పద్ధతి చాలా పెద్ద పరిధిలో పోలికలను వెతుకుతుంది. సంకేతాలను కూడా మరింత పొదుపుగా రాస్తుంది. దానిపై ఆధారపడిన ఎక్స్‌జడ్ రూపానికి 2011 మార్చిలో వెలువడిన 2.6.38 కెర్నెల్‌లో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ మద్దతు లభించింది. అదే ఏడాది మే నెలలో విడుదలైన ఫెడోరా 15 తన లైవ్ ఇమేజ్‌లను ఈ పద్ధతికి మార్చుకుంది.

ఈ మార్పు కోసం కెర్నెల్ మద్దతు వచ్చేదాకా వేచి ఉండాల్సి రావడం గమనార్హం. లైవ్ ఇమేజ్ బూట్ అయ్యేటప్పుడు దాన్ని విప్పేది కెర్నెలే. కాబట్టి ఎంత గొప్ప పద్ధతి అయినా కెర్నెల్‌కు తెలియకపోతే ఆ ఇమేజ్ తెరుచుకోదు. ఇప్పుడు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ జీజిప్, ఎల్‌జడ్‌ఓ, ఎక్స్‌జడ్, ఎల్‌జడ్4, జెడ్‌స్టాండర్డ్ పద్ధతులను అర్థం చేసుకుంటుంది.

బ్లాక్ పరిమాణంలోనే మర్మం

ఎక్స్‌జడ్ గరిష్ఠ స్థాయిలో 64 మెగాబైట్ల వరకు వెనక్కి చూడగలదు. కానీ లైవ్ ఇమేజ్‌లో ఆ శక్తి పూర్తిగా అక్కరకు రాదు. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లను బ్లాక్‌లుగా విడగొట్టి, ఒక్కో బ్లాక్‌ను విడివిడిగా కుదిస్తుంది. సాధారణ బ్లాక్ 128 కిలోబైట్లు, గరిష్ఠం 1 మెగాబైట్. ఒక బ్లాక్‌లోని పోలికలు మరో బ్లాక్‌కు పనికిరావు.

అలాగని ఇమేజ్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టలేరు. అలా కడితే చివరనున్న చిన్న ఫైల్ కోసం మూటంతా విప్పాల్సి వస్తుంది. బ్లాక్ పెద్దదైతే కుదింపు మెరుగుపడుతుంది. అయితే కేవలం 4 కిలోబైట్ల సమాచారం అవసరమైనా 1 మెగాబైట్ బ్లాక్‌ను విప్పక తప్పదు. పాత ప్రాసెసర్లపై ప్రోగ్రామ్‌లు తెరుచుకోవడం ఆలస్యమయ్యేది ఇక్కడే.

ఆర్చ్ లైనక్స్ తన ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌కు ఎక్స్‌జడ్ పద్ధతిని, 1 మెగాబైట్ బ్లాక్‌లను ఎంచుకుంది. దానికి తోడు ప్రోగ్రామ్ ఫైళ్ల కోసం ప్రత్యేకమైన వడపోతను వాడుతుంది. ప్రోగ్రామ్‌లోని ఒకే ఫంక్షన్‌ను వేర్వేరు చోట్ల నుంచి పిలిచినప్పుడు దూరం ఒక్కోచోట ఒక్కోలా నమోదవుతుంది. ఆ దూరాలను స్థిరమైన చిరునామాలుగా మారిస్తే అవన్నీ ఒకేలా కనిపించి, కుదింపునకు అనువుగా మారతాయి. విప్పేటప్పుడు వాటిని మళ్లీ పాత రూపంలోకి తెస్తారు.

భారం ఎవరిది?

లాభనష్టాలను ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. 2 గిగాబైట్ల ఇమేజ్‌ను గట్టిగా కుదించి 200 మెగాబైట్లు తగ్గించారనుకుంటే, సెకనుకు 10 మెగాబిట్ల వేగమున్న ఇంటర్నెట్‌పై 2 నిమిషాల 40 సెకన్లు ఆదా అవుతాయి. 100 మెగాబిట్ల కనెక్షన్‌పై ఆదా 16 సెకన్లే. అదే ఇమేజ్ ప్రతి బూటింగ్‌కు 20 సెకన్లు అదనంగా తీసుకుంటే, మొదటి వినియోగదారుడికి ఎనిమిదో బూటింగ్‌తో లాభం హరించుకుపోతుంది. రెండో వ్యక్తికి మొదటి బూటింగ్‌లోనే నష్టం మొదలవుతుంది. పంపిణీదారు కోణంలో చూస్తే, లక్ష డౌన్‌లోడ్‌లకు 20,000 గిగాబైట్ల బదిలీ తగ్గుతుంది.

ఇమేజ్‌ను ఏ పరికరం నుంచి చదువుతున్నారన్నదీ ముఖ్యమే. 24ఎక్స్ వేగపు సీడీ డ్రైవ్ సెకనుకు గరిష్ఠంగా 3.6 మెగాబైట్లు మాత్రమే చదవగలదు. అక్కడ ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తుంది కాబట్టి గట్టి కుదింపు బూటింగ్‌ను వేగవంతం కూడా చేయవచ్చు. యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్‌లో పరిస్థితి తలకిందులవుతుంది. సమాచారం చకచకా వస్తుంది, విప్పే ప్రాసెసరే వెనకబడుతుంది.

చిక్కల్లా సామాన్య వినియోగదారుడి దగ్గరే ఉంది. నెమ్మది ఇంటర్నెట్, పాత కంప్యూటర్ చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటాయి. చిన్న ఇమేజ్ అవసరం ఎవరికి ఎక్కువో, దాన్ని విప్పే భారం కూడా వారి యంత్రంపైనే ఎక్కువగా పడుతుంది.

మధ్యేమార్గంగా జెడ్‌స్టాండర్డ్

ఈ చిక్కుకు సమాధానంగా ఫేస్‌బుక్‌లో పనిచేస్తూ యాన్ కొల్లెట్ రూపొందించిన జెడ్‌స్టాండర్డ్ ముందుకు వచ్చింది. 2016 ఆగస్టులో దీని 1.0 వెర్షన్ విడుదలైంది. 2017 నవంబరులో వచ్చిన 4.14 కెర్నెల్ నుంచి స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో దీన్ని వాడే వీలు కలిగింది. ఎంత గట్టి స్థాయిలో కుదించినా విప్పే వేగం పెద్దగా తగ్గకపోవడం దీని బలం. శ్రమంతా తయారీదారు వైపు ఉంటుంది, వినియోగదారుడికి భారం తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల విషయంలో ఆర్చ్ లైనక్స్ అనుభవం దీనికి నిదర్శనం. ఎక్స్‌జడ్ నుంచి జెడ్‌స్టాండర్డ్‌కు మారినప్పుడు ప్యాకేజీల మొత్తం పరిమాణం సుమారు 0.8 శాతం పెరిగిందని, విప్పే వేగం మాత్రం దాదాపు 1,300 శాతం మెరుగుపడిందని ఆ సంస్థ 2020 జనవరిలో ప్రకటించింది. ఫెడోరా కూడా 2019లో తన ప్యాకేజీలను ఇదే పద్ధతికి మార్చింది. అయితే ప్యాకేజీని ఒక్కసారి విప్పితే సరిపోతుంది. లైవ్ ఇమేజ్‌ను వాడినంతసేపూ విప్పుతూనే ఉండాలి. కాబట్టి వేగానికి ఇక్కడ ప్రాధాన్యం మరింత ఎక్కువ.

ఫైల్ వ్యవస్థలోనూ మార్పు వస్తోంది. హువావే ఇంజినీర్లు స్మార్ట్‌ఫోన్ల కోసం రూపొందించిన ఈరోఎఫ్‌ఎస్, కుదించిన తర్వాత వచ్చే ముక్కలు నిర్ణీత పరిమాణంలో ఉండేలా చూస్తుంది. దీనివల్ల అవసరానికి మించి చదవడం తగ్గుతుంది. 2025 ఏప్రిల్‌లో విడుదలైన ఫెడోరా 42 తన లైవ్ ఇమేజ్‌లలో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ స్థానంలో దీన్ని ప్రవేశపెట్టింది.

భద్రత కూడా ప్రమాణమే

కుదింపు సాధనం ఎంపికలో పరిమాణం, వేగంతో పాటు విశ్వసనీయతను కూడా చూడాలని 2024 మార్చి 29న వెలుగుచూసిన ఉదంతం గుర్తుచేసింది. ఎక్స్‌జడ్ సాధనాల 5.6.0, 5.6.1 వెర్షన్లలో రహస్య చొరబాటు కోడ్ ఉన్నట్లు ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆ రోజు బయటపెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి సుమారు అర సెకను అదనంగా పడుతుండటంపై ఆరా తీయగా ఈ కుట్ర బయటపడింది. లైవ్ ఇమేజ్‌లను విప్పే కెర్నెల్ కోడ్ వేరు కావడంతో ఆ భాగానికి ఈ ముప్పు సోకలేదు. అయినా కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఒక చిన్న సాధనంపై ఎన్ని వ్యవస్థలు ఆధారపడి ఉన్నాయో ఈ ఘటన చాటింది.

వినియోగదారుల వైపు నుంచి మరో జాగ్రత్త కూడా అవసరం. కుదించిన బ్లాక్‌లో ఒక్క బిట్ చెడినా ఆ బ్లాక్ మొత్తం తెరుచుకోకపోవచ్చు. డౌన్‌లోడ్ పూర్తయ్యాక పంపిణీ సంస్థ ప్రకటించిన షా-256 విలువతో ఫైల్‌ను సరిపోల్చుకోవడం, బూట్ మెనూలో ఉండే మీడియా తనిఖీని వాడుకోవడం అందుకే తప్పనిసరి.

భారతీయ పంపిణీలకు పాఠం

సీ-డాక్ డెబియన్ ఆధారంగా రూపొందించిన ‘బాస్’, కేరళ పాఠశాలల కోసం కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా సిద్ధం చేసే వ్యవస్థ, తెలుగులో కంప్యూటింగ్ కోసం హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ కృషి వంటివాటికి ఈ చర్చ నేరుగా వర్తిస్తుంది. ఒకే పెన్‌డ్రైవ్‌తో పదుల సంఖ్యలో కంప్యూటర్లను నడిపే పాఠశాలకు డౌన్‌లోడ్ ఒక్కసారే. అక్కడ ప్రతి తరగతిలో బూటింగ్ వేగమే ముఖ్యం. మొబైల్ డేటాతో ఇమేజ్‌ను దించుకుని ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసుకునే విద్యార్థికి మాత్రం చిన్న ఫైలే మేలు.

కుదింపు కన్నా ముందు చేయాల్సిన పని మరొకటుంది. అక్కరలేని సాఫ్ట్‌వేర్‌ను, ఒకే పనికి పెట్టిన రెండేసి ప్రోగ్రామ్‌లను తొలగిస్తే డౌన్‌లోడ్ తగ్గుతుంది, విప్పే భారమూ తగ్గుతుంది. ఆ కోతలో భాషా ఫైళ్లను ముందు తీసేయడం మాత్రం సరికాదు. అవి బాగా కుదించుకుపోతాయి కాబట్టి తీసేసినా మిగిలేది స్వల్పం. అవి లేకపోతే తెలుగు వినియోగదారుడు మళ్లీ సీడీల కాలంలో మాదిరిగా, వ్యవస్థను ఇన్‌స్టాల్ చేసుకున్నాక తన భాష కోసం ఇంటర్నెట్‌ను వెతుక్కోవాల్సి వస్తుంది.