మదీనా విదుషి అమ్రా

క్రీ.శ. 632లో మహమ్మదు ప్రవక్త మరణించిన తరువాత, ఆయన ఏ సందర్భంలో ఏమి చెప్పాడో తెలుసుకోవాలని జనం ఆయన సహచరులను అడిగేవారు. అలా నోటినుండి నోటికి వచ్చిన మాటలే హదీసులు. హదీసు చెప్పేవారు అది తమకు ఎవరు చెప్పారో, వారికి ఎవరు చెప్పారో కూడ పేర్లతో వరుసగా చెప్పవలసి ఉండేది. ఆ వరుసలో స్త్రీల పేర్లు చాలా కనిపిస్తాయి.

వారిలో ప్రముఖురాలు ప్రవక్త భార్య ఆయేషా. ఆమె గది మదీనా మసీదును ఆనుకొని ఉండేది. సందేహాలతో వచ్చిన వారికి ఆమె తెర వెనుక కూర్చుండి బదులు చెప్పేది. పెద్దలు పొరబడినా సరిదిద్దేది. ఆమె చెప్పినవిగా రెండు వేలకు పైగా హదీసులు ఉన్నాయి. 678లో ఆమె మరణించింది. తరువాతి తరంలో ఉమ్ముద్దర్దా డెమాస్కసు మసీదులో పాఠాలు చెప్పేది. మదీనాలో ఆ స్థానం అమ్రాది. అమ్రా ఆయేషా పెంపకంలో పెరిగింది.

ఒకసారి మదీనా న్యాయాధికారి అబూబక్ర్ ఒక మనిషిని చెరసాలలో పెట్టించాడు. అతడు నబతీ జాతివాడు, అరబ్బు తెగలకు చెందనివాడు. దొంగిలించినవి కొన్ని ఇనుప ఉంగరాలు. ఆనాటి శాసనం ప్రకారం దొంగకు చేయి నరికేవారు. అబూబక్ర్ ఆ శిక్షే వేయదలచాడు.

ఈ సంగతి అమ్రా చెవినపడింది. అబూబక్ర్ ఆమెకు తోబుట్టువు కొడుకు. ఆమె తన ఇంటి పనిపిల్ల ఉమయ్యాను అతని వద్దకు పంపింది. అతడు నలుగురిలో కూర్చుండగా ఆ పిల్ల వచ్చి, ఇంత స్వల్పమైన వస్తువుకు చేయి నరికిస్తావా అని అమ్రా అడగమన్నదని చెప్పింది. అతడు అవునన్నాడు. పావు దీనారు, అంతకు మించిన విలువ ఉంటే తప్ప చేయి నరకరాదన్నది అమ్రా పంపిన మాట. దీనారంటే బంగారు నాణెం. ఇనుప ఉంగరాలు ఆ విలువకు ఏమాత్రం తూగుతాయి! అబూబక్ర్ ఆ మనిషిని విడిచిపెట్టాడు.

పిన్నమ్మ వరసన్న గౌరవమూ కొంత పనిచేసి ఉండవచ్చు. అయితే పావు దీనారు నియమం ఆయేషా నోట అమ్రా స్వయంగా విన్న ప్రవక్త మాట. న్యాయాధికారి దానిని కాదనలేడు.

717 నుండి 720 వరకు పాలించిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, పండితులు గతించిపోతే విద్య నశిస్తుందని భయపడ్డాడు. ప్రవక్త హదీసులను, అమ్రా చెప్పినవాటిని వ్రాయించమని మదీనాకు ఉత్తరువు పంపాడు. దానిని అందుకున్నది ఆ అబూబక్రే. ఉంగరాల దొంగ కథను చెప్పినవాడూ అతడే. తాను పొరబడబోయిన సంగతిని అతడు దాచుకోలేదు. 795లో మరణించిన ఇమాం మాలిక్ తన ‘మువత్తా’ గ్రంథంలో దానిని చేర్చాడు.