గ్రాండ్ విటారానా, హైరైడరా? కారు ఒకటే, లోగోలు రెండు.. నిజామాబాద్ ఫ్యామిలీకి ఏది సెట్ అవుతుంది?

రెడ్‌మీ ఫోన్‌కే వెనక డిజైన్ మార్చి పోకో పేరుతో అమ్మడం మనకు కొత్తేం కాదు. కార్లలోనూ అదే కథ. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ ఒకే ప్లాట్‌ఫామ్ మీద తయారైన కవలలు. రెండింటి తయారీ కూడా కర్ణాటకలోని బిడదిలో, టొయోటా ప్లాంట్‌లోనే మొదలైంది. వీల్‌బేస్ రెండింటికీ 2600 మి.మీ. ముందు గ్రిల్, బంపర్, లైట్లు వేరు. లోపల కలర్స్ వేరు. 9 అంగుళాల స్క్రీన్ దాదాపు ఒకటే, దాని వెనక ఉన్న యాప్ మాత్రం ఒకదాంట్లో సుజుకి కనెక్ట్, ఇంకోదాంట్లో ఐ-కనెక్ట్.

ఇంట్లో "నీకు ఫోన్లు తెలుసు కదా, కారు కూడా నువ్వే చూడు" అని మీ మీద పడేశారా? అయితే లోగో సంగతి పక్కన పెట్టి, ముందు ఇంజిన్ తేల్చుకోండి. అసలు డబ్బు అక్కడే ఉంది.

రెండు కార్లలోనూ రెండు రకాల హైబ్రిడ్‌లు ఉన్నాయి. మైల్డ్ హైబ్రిడ్ సుజుకి ఇంజిన్. ఇందులో చిన్న మోటార్ ఇంజిన్‌కు కాస్త చేయూత ఇస్తుందంతే, ఒంటరిగా బండిని నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ టొయోటా టెక్నాలజీ. ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగిపోయి బండి కాసేపు పూర్తిగా బ్యాటరీ మీదే వెళ్తుంది. ప్లగ్ పెట్టి ఛార్జింగ్ చేసే పని లేదు, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తినే మళ్లీ బ్యాటరీలో దాచుకుంటుంది. కంపెనీ చెప్పే మైలేజ్ లీటరుకు 27.97 కి.మీ. చూడగానే టెంప్ట్ అవుతాం.

ఇప్పుడు లెక్క వేద్దాం. నిజామాబాద్ నుంచి బోధన్ పోయి రావడం సుమారు 50 కి.మీ. నెలకు 25 రోజులు తిరిగితే ఏడాదికి 15,000 కి.మీ. రోడ్డు మీద మైల్డ్ 15, స్ట్రాంగ్ 22 ఇస్తాయనుకుందాం, పెట్రోల్ రూ.110 అనుకుందాం. ఏడాదికి 318 లీటర్లు, అంటే సుమారు రూ.35,000 మిగులుతుంది. మాన్యువల్ మైల్డ్‌తో పోలిస్తే ధరలో తేడా రూ.3 లక్షలు ఉంటే, అది తిరిగి రావడానికి ఎనిమిదిన్నరేళ్లు! బ్యాటరీ వారంటీయేమో 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కి.మీ. మీకు ఆటోమేటికే కావాలంటే ఆ తేడా తగ్గుతుంది, అప్పుడు స్ట్రాంగ్ గురించి ఆలోచించొచ్చు. ఏడాదికి 30,000 కి.మీ. తిరిగేవాళ్లకైతే నాలుగేళ్లలో కాస్త అటూ ఇటుగా వచ్చేస్తుంది. కానీ ఆ తిరుగుడు ఎక్కువగా హైదరాబాద్ హైవే మీదే అయితే, ఒకే స్పీడ్‌లో పోతారు కాబట్టి హైబ్రిడ్ లాభం టౌన్‌లో ఉన్నంత ఉండదు.

ఇంకో మాట. పసుపు అమ్మిన డబ్బు ఏడాదికోసారి వస్తుంది, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి. 2015లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడి నెల జీతం ఆగితే ఎట్లుంటదో బోధన్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ 3 లక్షలు కూడా లోన్‌లోనే కలిపితే వడ్డీ వేరే. మైలేజ్ కోసం అప్పు చేయడం నా దృష్టిలో దండగ.

డిక్కీ సంగతి చాలామంది డెలివరీ తీసుకున్నాకే గమనిస్తారు. స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీ డిక్కీ కిందే ఉంటుంది. అందుకే మైల్డ్‌లో 373 లీటర్లు ఉన్న చోటు ఇందులో 265కి పడిపోతుంది. పెళ్లికి పోయేటప్పుడు పెట్టే పెద్ద సూట్‌కేస్ షోరూమ్‌కే తీసుకెళ్లి పెట్టి చూడండి, మొహమాటం వద్దు. సీఎన్‌జీలో అయితే డిక్కీ దాదాపు సిలిండర్‌కే పోతుంది.

ఇంజిన్ తేలిందా? ఇక లోగో. రెండు షోరూమ్‌ల నుంచీ ఆన్‌రోడ్ కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. వేరియంట్ పేర్లు వేరు కాబట్టి (అక్కడ డెల్టా, జీటా, ఇక్కడ ఎస్, జీ) ధర పక్కన ధర పెట్టి చూస్తే మోసపోతాం, ఫీచర్ పక్కన ఫీచర్ పెట్టాలి. గాంధీచౌక్ లాంటి బజార్లలో పార్క్ చేసేవాళ్లకు 360 కెమెరా సన్‌రూఫ్ కంటే ఎక్కువ పనికొస్తుంది. మారుతికి దేశంలో సర్వీస్ సెంటర్లు ఎక్కువ. వారంటీలో మాత్రం ఇప్పుడు పెద్ద తేడా లేదు, 2024 జులై నుంచి మారుతి కూడా 3 ఏళ్లు లేదా లక్ష కి.మీ. ఇస్తోంది. మిగతావన్నీ సమానమైతే ఎవరు ముందు డెలివరీ ఇస్తే వాళ్ల దగ్గరే తీసుకోండి. బుకింగ్ ముందు మాత్రం ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషిని వెనక సీట్లో ఓ పావుగంట కూర్చోబెట్టండి, పనోరమిక్ సన్‌రూఫ్ ఉన్న వేరియంట్లలో తల పైకప్పుకు తగులుతుందేమో చూడాలి.