పట్టాలు పోయినా బాట మిగలాలి

సూరత్ అనగానే జరీ చీరలు, వజ్రాల సానలు, తాపీ నది స్ఫురిస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చి ఇక్కడి మరమగ్గాలపై బ్రతుకు నేసుకుంటున్న మన పద్మశాలీ కుటుంబాలూ గుర్తుకు వస్తాయి. అయితే ఈ ప్రాంతపు చిన్నబండ్ల చరిత్ర తెలిసినవారు బహుకొద్దిమంది.

బరోడా సంస్థానాధీశులైన గాయక్వాడ్‌లు పల్లెలను ప్రధాన రైలుమార్గంతో కలపడానికి 762 మిల్లీమీటర్ల న్యారోగేజి మార్గాలను విస్తారంగా వేయించారు. సూరత్‌కు ఉత్తరాన కోసంబా నుండి ఉమర్‌పాడాకు, దక్షిణాన బిలిమోరా నుండి వఘాయికి సాగినవి అటువంటివే. ఒక్కొక్కటి అరవై కిలోమీటర్లకు పైబడినది. బిలిమోరా మార్గాన్ని మూసివేయాలని 2020 డిసెంబరులో నిర్ణయించినా, స్థానికుల నిరసన తరువాత 2021 సెప్టెంబరులో బండి మళ్ళీ కూత పెట్టింది. కోసంబా చిన్నబండికి ఆ అదృష్టం దక్కలేదు; అది ఆగిపోయింది.

బండి ఆగిన మార్గంలో విలువైనది ఏది? ఇనుము అని పలువురు భావిస్తారు. ఇంజనీరు దృష్టిలో అసలు ఆస్తి పట్టాల క్రింది కట్ట. ఆవిరి యంత్రం నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకే నాటి నిర్మాతలు మిట్టలను తొలిచి, పల్లాలను పూడ్చి వాలును సాధ్యమైనంత తగ్గించారు. నూరు మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే బాటపై వృద్ధులు ఆయాసపడరు, పిల్లలు సైకిలు సులువుగా తొక్కగలరు. యంత్రపు బరువు మోసిన వంతెనకు పాదచారుల బరువు ఒక లెక్క కాదు.

అయినా పట్టాలు తీసినంత మాత్రాన బాట సిద్ధం కాదు. వంతెన స్తంభాల పునాదులను ప్రవాహం కోసివేసిందేమో పరీక్షించాలి. పలక పరచి, చేతిపట్టు కమ్ములు బిగించాలి. తూములు పూడిపోతే వానాకాలంలో కట్ట ఆనకట్టగా మారి పొలాలను ముంచుతుంది గనుక వాటిని ఏటా శుభ్రపరచాలి. రోడ్డు దాటే ప్రతిచోటా వాహనాల వేగం తగ్గే ఏర్పాటు ఉండాలి.

సింగపూర్‌లో 2011లో మలయా రైలు నిలిచిన 24 కిలోమీటర్ల మార్గాన్ని ముక్కలు చేయక నడకదారిగా మలచారు. అమెరికాలో 1983 నాటి చట్ట సవరణ మరింత దూరదృష్టి గలది. దాని ప్రకారం మూతబడిన మార్గాన్ని బాటగా వాడుకుంటూనే, అవసరమైన నాడు మళ్ళీ రైలుకు అప్పగించవచ్చు.

రైలు తిరిగి రావడం కల్ల అనుకునేవారికి మన కోనసీమ అంచునే సాక్ష్యమున్నది. 1928లో మొదలైన కాకినాడ - కోటిపల్లి మార్గం పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, ఊడదీసి తరలించారు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి పట్టుదలతో పునర్నిర్మాణం సాగి 2004లో ఆ దారిన మళ్ళీ రైలు నడిచింది. ఆ మధ్యకాలం అరువదేండ్లకు పైమాట!

కనుక కోసంబా వంటి మార్గాల విషయంలో మొదట అడగవలసినది ఆ దారి వెంట నివసించే గిరిజన గ్రామాల ప్రజలను. సంతకు, ఆసుపత్రికి, బడికి చేర్చిన బండికి విహారబాట ప్రత్యామ్నాయం కాజాలదు. రైలు వస్తే అంతకు మించిన మేలు లేదు. అంతవరకు ఆ కట్టను ఆక్రమణలకు వదలక చెట్లు నాటి, నడకకూ సైకిళ్ళకూ తెరచి ఉంచితే పల్లెవారికి దారి, పట్టణవాసులకు స్వచ్ఛమైన గాలి దక్కుతాయి. పట్టాలను మళ్ళీ కొనవచ్చు. ముక్కలుగా చెదిరిన అరవై కిలోమీటర్ల నేలను తిరిగి ఒకే దారిగా కూర్చడం దుస్సాధ్యం.